ఉద్యోగంలో ఉంటూ కన్సల్టెన్సీ: శాస్త్రవేత్త బయట చెప్పే సలహా ఎవరి సొత్తు?

జీడిమెట్లలోనో పాశమైలారంలోనో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక చిన్న బల్క్ డ్రగ్ యూనిట్ ఉందనుకుందాం. తయారవుతున్న మందులో ఒక మలినం పరిమితి దాటి వస్తోంది, బ్యాచ్ మీద బ్యాచ్ పోతోంది. దాని యజమాని వెతికేది కొత్త యంత్రం కోసం కాదు, మనిషి కోసం. ఆ రసాయన చర్య మీద ఏళ్ల తరబడి పనిచేసిన శాస్త్రవేత్త ఎవరు, ఏ కంపెనీలో ఉన్నారు, ఏ ప్రభుత్వ ప్రయోగశాలలో ఉన్నారు అని వాకబు చేస్తాడు. రెండు ఆదివారాలు వచ్చి చూసి చెబితే చాలంటాడు. ఫీజు ఎంతో మీరే చెప్పండంటాడు. ఆ శాస్త్రవేత్తకు ఇందులో తప్పేమీ కనిపించదు. సెలవు రోజు తనది, బుర్ర తనది, కష్టం తనది. ఆఫీసు సామాను ముట్టుకోవడం లేదు, పని గంటలు ఎగ్గొట్టడం లేదు.

ఈ లెక్క న్యాయంగానే వినిపిస్తుంది. కానీ అది గంటలను మాత్రమే లెక్కపెడుతోంది. పరిశోధకుడి విషయంలో అసలు ప్రశ్న గంటలది కాదు. బయటి కంపెనీ ఏ నైపుణ్యానికి డబ్బు ఇవ్వజూపుతోందో, సరిగ్గా ఆ నైపుణ్యానికే యజమాని నెలనెలా జీతం ఇస్తున్నాడు. తన పనికి దూరంగా ఉన్న విషయం మీద సలహా చెప్పమని ఎవరూ రారు. దగ్గరగా ఉన్న విషయం మీద చెప్పే స్వేచ్ఛ ఆయనకు తక్కువ. గిరాకీ ఉన్న చోట హక్కు పలచబడుతుంది, హక్కు నిండుగా ఉన్న చోట గిరాకీ ఉండదు. దేశం ఏదైనా, సంస్థ ఏదైనా, శాస్త్రవేత్తల బయటి పని గురించి పెట్టిన నియమాలన్నీ ఈ ముడిని ఎలాగోలా పట్టుకోవడానికి చేసిన ప్రయత్నాలే. కొన్ని బాగా పట్టుకున్నాయి, కొన్ని పట్టుకోలేకపోయాయి.

రెండు సంతకాల కథ

ఈ ముడి ఎంత గట్టిదో తెలియాలంటే అమెరికా సుప్రీంకోర్టు 2011 జూన్‌లో తీర్పు చెప్పిన స్టాన్‌ఫర్డ్–రోష్ కేసును చూడాలి. రక్తంలో హెచ్‌ఐవీ ఎంత ఉందో కొలిచే పద్ధతి మీద స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికీ, రోష్ అనే మందుల కంపెనీకీ నడిచిన తగాదా అది. 1988లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని అంటువ్యాధుల విభాగం, కాలిఫోర్నియాలోనే ఉన్న సీటస్ అనే చిన్న కంపెనీతో కలిసి ఎయిడ్స్ మందుల మీద పని మొదలుపెట్టింది. చిన్నదే అయినా సీటస్ సామాన్యమైన కంపెనీ కాదు. డీఎన్‌ఏ ముక్కను కోట్ల నకళ్లుగా పెంచే పీసీఆర్ పద్ధతి పుట్టిల్లు అదే. దాన్ని కనిపెట్టిన కేరీ మల్లిస్‌కు 1993లో నోబెల్ వచ్చింది. ఆ రోజుల్లో స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధకుడిగా చేరిన మార్క్ హోలోడ్నీకి పీసీఆర్‌తో పరిచయం లేదు. నేర్చుకోవడానికి పై అధికారే ఏర్పాటు చేసి ఆయన్ను సీటస్‌కు పంపారు.

స్టాన్‌ఫర్డ్‌లో చేరినప్పుడు ఆయన ఒక పత్రం మీద సంతకం పెట్టారు. ఈ ఉద్యోగంలో కనిపెట్టిన వాటి హక్కులను విశ్వవిద్యాలయానికి బదిలీ చేయడానికి అంగీకరిస్తున్నానని దాని సారాంశం. సీటస్ ప్రయోగశాలలో పనిచేయనివ్వడానికి షరతుగా ఆ కంపెనీ ఇంకో పత్రం ముందు పెట్టింది. పేరుకు అది సందర్శకుల గోప్యతా ఒప్పందం. అందులో మాత్రం, ఇక్కడ తెలుసుకున్న దానివల్ల కనిపెట్టే వాటి హక్కులను మీకు బదిలీ చేస్తాను, ఇందుమూలంగా చేస్తున్నాను అని ఉంది. ఆయన సంతకం పెట్టారు. తొమ్మిది నెలలు సీటస్‌లో పనిచేసి, హెచ్‌ఐవీని పీసీఆర్‌తో కొలిచే పద్ధతిని రూపొందించి, స్టాన్‌ఫర్డ్‌కు తిరిగొచ్చారు. అక్కడ దాన్ని మరింత పరీక్షించారు. స్టాన్‌ఫర్డ్ మూడు పేటెంట్లు తెచ్చుకుంది. ఈలోగా 1991లో సీటస్ పీసీఆర్ వ్యాపారాన్ని రోష్ కొనేసింది, హెచ్‌ఐవీ పరీక్ష కిట్లను ప్రపంచమంతా అమ్మింది.

2005లో స్టాన్‌ఫర్డ్ దావా వేసింది. అప్పుడు ఆ రెండు పత్రాలు పక్కపక్కన పెట్టి చదివారు. బదిలీకి అంగీకరిస్తున్నాననడం రేపు ఇస్తానన్న మాట మాత్రమేననీ, ఇందుమూలంగా చేస్తున్నాననడంతో హక్కు అప్పటికప్పుడే చేతులు మారుతుందనీ అప్పీలు కోర్టు చెప్పింది. అంటే పేటెంట్‌లో రోష్‌కూ వాటా ఉంది, కాబట్టి దాని మీద దావా చెల్లదు. ప్రభుత్వ నిధులతో జరిగిన పరిశోధన కనుక 1980 నాటి బే–డోల్ చట్టం హక్కును నేరుగా విశ్వవిద్యాలయానికే ఇస్తుందని స్టాన్‌ఫర్డ్ సుప్రీంకోర్టులో వాదించింది. ఏడుగురు న్యాయమూర్తులు కాదన్నారు, ఇద్దరు విభేదించారు. కనిపెట్టినవాడిదే మొదటి హక్కు, ఆయన సంతకం పెట్టి ఇస్తేనే అది ఇంకొకరికి పోతుంది అన్నది మెజారిటీ మాట.

ఇక్కడ గమనించవలసింది, హోలోడ్నీ రహస్యంగా ఏ పనీ చేయలేదు. సైడ్ ఇన్‌కమ్ కోసం వెళ్లలేదు. యజమానికి తెలిసి, యజమాని పంపితే వెళ్లారు. అయినా ఎవరూ శ్రద్ధగా చదవని ఒక పత్రం పెద్ద విశ్వవిద్యాలయాన్ని దెబ్బతీసింది. డబ్బు తీసుకుని, యజమానికి చెప్పకుండా, క్లయింట్ ఇచ్చిన ఒప్పందం మీద సంతకం పెట్టే శాస్త్రవేత్త పరిస్థితి ఇంతకంటే ఎంత బలహీనమో ఊహించుకోవచ్చు. ఈ తీర్పు తర్వాత అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు తమ పత్రాల్లో భాషను తక్షణ బదిలీగా మార్చుకున్నాయి. కంపెనీల నియామక పత్రాల్లో ఆ భాష ముందునుంచే ఉంది. ఇప్పుడు క్లయింట్ ఒప్పందం మీద సంతకం పెట్టే ఉద్యోగి, మొదటి సంతకంతో తన చేతిలోంచి పోయినదాన్నే రెండో సంతకంతో ఇంకొకరికి ఇస్తున్నవాడవుతాడు. అది క్లయింట్‌కూ మోసమే. తీరా ఉత్పత్తి మార్కెట్‌కు వచ్చాక, లేదా ఆ స్టార్టప్‌ను ఎవరైనా కొనబోయేటప్పుడు ఈ సంగతి బయటపడుతుంది. కొనేవాళ్ల న్యాయవాదులు మొట్టమొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి, ఈ కంపెనీకి సలహా ఇచ్చినవాళ్లు అప్పట్లో ఎక్కడ ఉద్యోగం చేస్తున్నారన్నది.

నా లాప్‌టాప్, నా ఆదివారం

సొంత సమయంలో, సొంత సామానుతో చేస్తే అది నాదే అన్న నమ్మకానికి చట్టంలో ఆధారం లేకపోలేదు. కాలిఫోర్నియా కార్మిక చట్టంలో 2870వ సెక్షన్ 1979 నుంచీ ఉంది. పూర్తిగా సొంత సమయంలో, యజమాని పరికరాలు, సామగ్రి, వ్యాపార రహస్యాలు వాడకుండా కనిపెట్టిన దాన్ని యజమాని లాక్కోలేడని అది చెబుతుంది. అక్కడి తెలుగు ఇంజినీర్ల కబుర్లలో తరచూ వినిపించే ధీమా ఇదే. అదే సెక్షన్‌లో రెండు మినహాయింపులున్నాయి. యజమాని వ్యాపారానికి గానీ, ఇప్పుడు చేస్తున్న లేదా చేయబోతున్నట్టు రుజువు చేయగల పరిశోధనకు గానీ సంబంధించినదైతే ఈ రక్షణ లేదు. యజమాని కోసం చేసిన పనిలోంచి పుట్టినదైనా లేదు. బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగి రాత్రిపూట ఆటల యాప్ చేసుకుంటే ఈ చట్టం కాపాడుతుంది. మధుమేహం మందుల మీద పనిచేసే శాస్త్రవేత్త ఇంకో మధుమేహం కంపెనీకి సలహా ఇస్తే కాపాడదు. పెద్ద ఫార్మా కంపెనీల్లో పరిశోధన ఎంత విస్తారంగా ఉంటుందంటే, ఆ రంగంలో దేన్ని పట్టుకున్నా చేయబోతున్న పరిశోధనే అనిపించుకుంటుంది. శాస్త్రవేత్తకు మినహాయింపే నియమమైపోతుంది.

మన దేశంలో ఆ మాత్రం రాతపూర్వక రక్షణ కూడా లేదు. 1970 నాటి పేటెంట్ల చట్టంలో ఉద్యోగి కనిపెట్టిన వాటి గురించి ప్రత్యేక నియమం లేదు. హక్కు మొదట కనిపెట్టినవారిది, ఆ తర్వాత అంతా నియామక పత్రం ఏం చెబితే అది. కాపీరైట్ సంగతి వేరుగా ఉంది. ఉద్యోగంలో భాగంగా రాసిన నివేదికకూ, ప్రోగ్రామ్ కోడ్‌కూ, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి యజమాని ఉద్యోగం ఇచ్చినవాడే. అదే మనిషి స్వతంత్ర కన్సల్టెంట్‌గా రాస్తే తొలి యజమాని రాసినవాడు. క్లయింట్‌కు చెందాలంటే సంతకంతో రాతపూర్వక బదిలీ కావాలి. ఎంతకాలానికో రాయకపోతే ఆ బదిలీ 5 ఏళ్లకే, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశానికే పరిమితమని చట్టం చెబుతుంది. డేటా విశ్లేషణ, మోడలింగ్ పనులు చేసి పెట్టే పరిశోధకులు ఇప్పుడు చాలామంది. వాళ్ల ఒప్పందాల్లో ఈ రెండు ఖాళీలు పెద్ద తేడా తెస్తాయి.

ఇంకో అపోహ 1872 నాటి కాంట్రాక్టు చట్టం గురించి. వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం చెల్లదని దాని 27వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, బయట పనిచేయకూడదన్న షరతు కాగితం మీదే ఉంటుందని చాలామంది అనుకుంటారు. సుప్రీంకోర్టు 1967లోనే ఈ విషయం తేల్చింది. కల్యాణ్‌లో టైర్ కార్డ్, అంటే టైర్లలో వాడే గట్టి దారం, తయారుచేసే సెంచురీ కంపెనీ, విదేశీ సంస్థల నుంచి గోప్యత షరతు మీద సాంకేతికత తెచ్చుకుంది. నిరంజన్ శంకర్ గోలికరి అనే షిఫ్ట్ సూపర్‌వైజర్‌ను 5 ఏళ్ల ఒప్పందం మీద తీసుకుని అందులో శిక్షణ ఇచ్చింది. ఆయన గడువుకు ముందే వదిలేసి, రాజస్థాన్‌లోని కోటా నగరంలో ఉన్న పోటీ కంపెనీలో చేరారు. ఉద్యోగ కాలంలో ఇంకొకరికి పనిచేయనన్న షరతు సాధారణంగా వృత్తికి అడ్డంకి కాదనీ, దాన్ని అమలు చేయవచ్చనీ కోర్టు చెప్పింది. ఉద్యోగం ముగిశాక కూడా కట్టిపడేసే షరతుల విషయంలో 1980లో సూపరింటెండెన్స్ కంపెనీ కేసులో వేరే దారి పట్టింది, వాటిని చెల్లనివ్వలేదు. అంటే రాజీనామా చేసి స్వతంత్ర కన్సల్టెంట్ అయినవారికి మన చట్టం బాగానే అండగా ఉంటుంది, గోప్యత బాధ్యత మాత్రం వెంట వస్తుంది. ఉద్యోగంలో ఉంటూ చేసేవారికి ఆ అండ లేదు.

2022లో ఐటీ రంగంలో మూన్‌లైటింగ్, అంటే ఉద్యోగంలో ఉంటూ చాటుగా ఇంకో పని చేయడం, మీద రగడ లేచినప్పుడు విప్రో 300 మందిని తీసేసింది. పోటీ కంపెనీలకు పనిచేశారన్నది ఆరోపణ. కొద్ది వారాలకే ఇన్ఫోసిస్, ముందుగా అనుమతి తీసుకుని, పోటీ లేని చోట, విడి పనులు చేసుకోవచ్చని ఉద్యోగులకు రాసింది. రెండు కంపెనీలూ గీత గీసింది ఒకచోటే, పోటీ దగ్గర.

ప్రభుత్వ ప్రయోగశాల: దారి ఉంది, నడక నెమ్మది

హైదరాబాద్‌లో శాస్త్రవేత్తలంటే సగం కథ ప్రభుత్వ ప్రయోగశాలలదే. తార్నాకలో రసాయన పరిశోధన సాగే ఐఐసీటీ, జీవకణ పరిశోధన సాగే సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సాగే ఎన్‌జీఆర్‌ఐ మూడూ సీఎస్‌ఐఆర్, అంటే కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, సంస్థలే. వీళ్లకు వర్తించేవి 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి. దాని 15వ నియమం ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం గానీ, ఇంకో ఉద్యోగం గానీ చేయకూడదు. అయితే అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, వైజ్ఞానిక స్వభావం ఉన్న పనికి అనుమతి అక్కర్లేదు, విధులకు భంగం రాకుంటే చాలు. ఈ వాక్యాన్ని పట్టుకుని కన్సల్టెన్సీ కూడా వైజ్ఞానిక పనే కదా అని వాదించేవాళ్లున్నారు. వాళ్లు మరిచేది అదే నియమంలోని మరో భాగం. బయటివారి కోసం చేసిన ఏ పనికైనా ఫీజు తీసుకోవాలంటే అధికారి మంజూరు కావాలి. ఉపన్యాసం ఇవ్వడానికి ఎవరినీ అడగనక్కర్లేదు, కవరు తీసుకోవడానికి అడగాలి. మంజూరైన ఫీజులోనూ నిర్ణీత పరిమితి దాటిన మొత్తంలో మూడో వంతు ప్రభుత్వ ఖజానాకు జమ చేయాలన్నది సాధారణ నియమం.

సీఎస్‌ఐఆర్ ఈ ముడిని ఇంకోలా విప్పింది. కన్సల్టెన్సీని వ్యక్తి చేయడు, ప్రయోగశాల చేస్తుంది. కంపెనీ డైరెక్టర్‌కు రాస్తుంది, ఒప్పందం సంస్థ పేరు మీద జరుగుతుంది, ఫీజు సంస్థకు వస్తుంది, అందులో కొంత భాగం పనిచేసిన బృందానికి పంచుతారు. హక్కులు, గోప్యత, బాధ్యత అన్నీ ఒకే పత్రంలో తేలిపోతాయి. ఈ దారి ఎంత ఫలితమిచ్చిందో చెప్పడానికి హైదరాబాద్ చరిత్ర చాలు. ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌ను చవకగా తయారుచేసే పద్ధతి ఐఐసీటీలో ఏ.వి. రామారావు డైరెక్టర్‌గా ఉన్నప్పుడు రూపుదిద్దుకుంది. దాన్ని తీసుకుని 1993లో సిప్లా మందును మార్కెట్‌లోకి తెచ్చింది. అదే ఏడాది పుట్టిన శాంతా బయోటెక్నిక్స్ మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తర్వాత సీసీఎంబీలో చోటు తీసుకుని పనిచేసి, 1997లో దేశంలో తొలి రీకాంబినెంట్, అంటే జన్యు ఇంజినీరింగ్‌తో తయారైన, హెపటైటిస్–బి టీకాను విడుదల చేసింది. ఎవరో ఒక శాస్త్రవేత్త ఆదివారాలు రహస్యంగా వెళ్లి చెబితే జరిగిన పనులు కావివి. సంస్థలు తలుపు తెరిస్తే జరిగినవి.

2009లో కేంద్ర ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థల శాస్త్రవేత్తలు ఉద్యోగంలో ఉంటూనే, నిబంధనల మేరకు, తమ పరిశోధన మీద ఆధారపడిన కంపెనీల్లో వాటా తీసుకోవడానికి వీలు కల్పించింది. ఐఐటీల్లో పరిస్థితి మరింత సులువు. సాధారణంగా ఏడాదికి 52 పనిదినాల దాకా, అంటే వారానికి ఒక రోజు లెక్కన, అధ్యాపకులు కన్సల్టెన్సీకి కేటాయించుకోవచ్చు, వచ్చిన దాంట్లో సంస్థకు వాటా ఇవ్వాలి. ఈ వారానికి ఒక రోజు పద్ధతి అమెరికాలోని ఎంఐటీ నుంచి ప్రపంచమంతా పాకింది. స్టాన్‌ఫర్డ్‌లో అది మూడు నెలల క్వార్టర్‌కు 13 రోజులు.

కాగితం మీద ఇంత బాగున్న ఈ దారి ఆచరణలో ఎందుకు నలిగిపోతోందంటే, కారణం వేగం. మలినం సమస్యతో బ్యాచ్‌లు పోగొట్టుకుంటున్న చిన్న యూనిట్‌కు జవాబు ఈ వారం కావాలి. సంస్థ ద్వారా వెళ్తే ప్రతిపాదన, కమిటీ, న్యాయ పరిశీలన, ఒప్పందం, అడ్వాన్సు, ఆపైనే పని. పెద్ద కంపెనీ ఓపిక పడుతుంది. చిన్న కంపెనీ ఫోన్ తీసుకుని శాస్త్రవేత్తకే నేరుగా చేస్తుంది. చిన్న పనికి, ఉదాహరణకు రెండు మూడు రోజుల సలహాకు, పెద్ద ప్రాజెక్టుకు పట్టే పత్రాలే పట్టకూడదు. నిజాయితీగా అడిగినవాడు నెలల తరబడి ఎదురుచూస్తుంటే, అడగనివాడు పని ముగించుకుని ఫీజు తీసుకునే పరిస్థితి ఏ సంస్థకూ మంచిది కాదు. మన ఫార్మా రంగంలో అసలైన సాంకేతిక అండ కావలసింది ఆ చిన్న యూనిట్లకే అన్నది గుర్తుంచుకుంటే ఈ జాప్యం వల్ల ఎంత నష్టమో అర్థమవుతుంది.

గీత చెరిగినప్పుడు

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, అంటే ఎన్‌ఐహెచ్, దీనికి వ్యతిరేక దిశలో వెళ్లి చూసింది. ప్రతిభావంతులను ఆకర్షించాలన్న ఉద్దేశంతో 1995లో బయటి ఆదాయం మీద, గంటల మీద ఉన్న పరిమితులు ఎత్తేసింది. 2003 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ టైమ్స్ వరుస కథనాలు ప్రచురించేదాకా, ప్రభుత్వ జీతం తీసుకుంటున్న శాస్త్రవేత్తల్లో ఎవరెవరు మందుల కంపెనీల నుంచి ఎంత తీసుకుంటున్నారో ప్రజలకు తెలియలేదు. ఆ తర్వాత తేలిన వాటిలో ఒకటి ఈ వ్యాసం మొదట్లో చెప్పిన ముడిని అచ్చంగా చూపిస్తుంది. వృద్ధుల మానసిక వ్యాధుల విభాగానికి నాయకత్వం వహించిన ఒక పరిశోధకుడు, మందుల కంపెనీ ఫైజర్‌తో అధికారికంగా ఉమ్మడి పరిశోధన నడుపుతూ, అదే పనికి సంబంధించి అదే కంపెనీ నుంచి విడిగా కన్సల్టెన్సీ ఫీజులు తీసుకున్నారు. మొత్తం సుమారు 2,85,000 డాలర్లు. అనుమతి లేదు, వెల్లడించలేదు. 2006లో నేరం ఒప్పుకున్నారు. ప్రభుత్వం జీతమిచ్చి చేయిస్తున్న పనికే కంపెనీ మళ్లీ డబ్బిచ్చింది, తీసుకున్న చేయి ఒకటే.

ఎన్‌ఐహెచ్ డైరెక్టర్ ఎలియాస్ జెర్హూనీ 2005 ఫిబ్రవరిలో మందుల, బయోటెక్ కంపెనీలకు ఉద్యోగులెవరూ కన్సల్టెన్సీ చేయకూడదని నిషేధించారు. షేర్ల మీద పెట్టిన కఠిన షరతులను ఆ ఏడాదే ఉద్యోగుల అభ్యంతరాల మీద కొంత సడలించారు గానీ కన్సల్టెన్సీ నిషేధం నిలిచింది. పదేళ్లలో పూర్తి స్వేచ్ఛ నుంచి పూర్తి నిషేధానికి వెళ్లారు. మధ్యలో చేయవలసిన పని, అంటే ఎవరు ఎవరికి ఏ విషయం మీద సలహా ఇస్తున్నారో ముందే రాయించి చదవడం, సరిగ్గా జరగలేదు. అందుకు మూల్యం నిజాయితీగా చేసినవాళ్లు కూడా చెల్లించారు.

ఇప్పుడు మన శాస్త్రవేత్తలకు ఇంకో రకం పిలుపులు వస్తున్నాయి. నిపుణులను డబ్బిచ్చి పెట్టుబడిదారులతో మాట్లాడించే ఎక్స్‌పర్ట్ నెట్‌వర్క్ సంస్థలు లింక్డ్‌ఇన్‌లో పలకరించి, ఒక గంట ఫోన్‌లో మాట్లాడితే ఇంత ఇస్తామంటాయి. అవతల మాట్లాడేది సాధారణంగా పెట్టుబడి సంస్థ. ఒప్పందం లేదు, నివేదిక లేదు, గంట కబుర్లే కదా అనిపిస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ నరాల వైద్య నిపుణుడు సిడ్నీ గిల్మన్ ఇలాంటి నెట్‌వర్క్ ద్వారానే ఒక హెడ్జ్ ఫండ్ మేనేజర్‌తో మాట్లాడుతూ వచ్చారు. అదే సమయంలో అల్జీమర్స్ మందు బాపిన్యూజుమాబ్ ప్రయోగాల భద్రతా కమిటీకి ఆయనే అధ్యక్షుడు. 2008 జులైలో ఫలితాలు వెల్లడి కాకముందే అవి మేనేజర్‌కు చేరాయి. ఫండ్ ఆ మందు కంపెనీల్లో తన దగ్గరున్న షేర్లు అమ్మేసి, తగ్గించుకున్న నష్టం, తెచ్చుకున్న లాభం కలిపి సుమారు 27.5 కోట్ల డాలర్ల మేలు పొందింది. మేనేజర్ మాథ్యూ మార్టోమాకు 2014లో 9 ఏళ్ల జైలు శిక్ష పడింది. గిల్మన్ ప్రభుత్వానికి సాక్ష్యం చెప్పి విచారణ తప్పించుకున్నారు, దశాబ్దాల పేరు మాత్రం పోయింది. హైదరాబాద్ క్లినికల్ ప్రయోగాలకు పెద్ద కేంద్రం. ఇక్కడి పరిశోధకుల దగ్గరా షేరు ధరను కదిలించగల సమాచారం ఉంటుంది. స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ గురించి, అది యజమాని కంపెనీ అయినా క్లయింట్ అయినా, ఇంకా బయటకు రాని విషయం ఫోన్‌లో చెప్పడం మన దగ్గర కూడా ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కిందికే వస్తుంది.

వీసా మీద ఉన్నవారు

హెచ్–1బీ మీద అమెరికాలో ఉన్న పరిశోధకులకు యజమాని అనుమతి ఒక్కటే సరిపోదు. ఆ వీసా దరఖాస్తు చేసిన సంస్థకు మాత్రమే పనిచేయనిస్తుంది. స్వతంత్రంగా ఫీజు తీసుకుని సలహా ఇవ్వడం అనధికార పని అవుతుంది. ముందుముందు గ్రీన్‌కార్డు దాకా దాని ప్రభావం పడవచ్చు. దారి లేకపోలేదు. రెండో సంస్థ కూడా విడిగా పిటిషన్ వేస్తే ఏకకాలంలో ఇద్దరికీ పనిచేయవచ్చు. విశ్వవిద్యాలయంలో, ఏటా ఇచ్చే వీసాల కోటాతో సంబంధం లేకుండా, హెచ్–1బీ మీద ఉన్నవారు, ఆ ఉద్యోగం కొనసాగినంత కాలం, లాటరీ లేకుండానే కంపెనీలో రెండో ఉద్యోగానికి ఇలా వెళ్లవచ్చు. కానీ అది క్లయింట్ దగ్గర ఉద్యోగిగా చేరడం, నెలకు నాలుగు గంటల సలహా కోసం ఏ చిన్న స్టార్టప్ అంత ఖర్చు పెట్టదు. ఇండియాలోని కంపెనీకి, ఇండియా బ్యాంకు ఖాతాలోకి ఫీజు వేయించుకుంటే ఇబ్బంది లేదన్న సలహా మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటుంది. దాన్ని నమ్మకూడదు. పని అమెరికా గడ్డ మీద కూర్చుని చేశారా అన్నది చూస్తారు, డబ్బు ఎక్కడ పడిందన్నది తర్వాతి మాట.

ఇటువైపు నుంచి చూస్తే, ఇండియాలో ఉంటూ విదేశీ స్టార్టప్‌లకు సలహా ఇచ్చే శాస్త్రవేత్తలు తరచూ దాటవేసే నియమం ఒకటి పేటెంట్ల చట్టం 39వ సెక్షన్‌లో ఉంది. భారతదేశంలో నివసించే వ్యక్తి భాగస్వామిగా ఉన్న ఆవిష్కరణకు నేరుగా విదేశంలో పేటెంట్ దరఖాస్తు వేయకూడదు. ఇక్కడ ముందు దరఖాస్తు చేసి 6 వారాలు ఆగాలి, లేదా పేటెంట్ కార్యాలయం రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. క్లయింట్ న్యాయవాదికి ఈ సంగతి తెలియకపోవచ్చు, చెప్పవలసింది కన్సల్టెంటే. పౌరసత్వంతో దీనికి పనిలేదు, నివాసమే లెక్క.

ఒప్పందంలో ఏం రాయించుకోవాలి

యజమానిని అడిగే ఉత్తరంలో క్లయింట్ పేరు, విషయం, గంటలు, ఫీజు ఉంటే చాలదు. చేయని పని ఏమిటో కూడా రాయాలి. ఏ మందుల జోలికి, ఏ పద్ధతుల జోలికి వెళ్లనో స్పష్టంగా రాసిన దరఖాస్తుకు అనుమతి ఇవ్వడం అధికారికి సులువు. రేపు వివాదం వస్తే కాపాడేది కూడా ఆ వాక్యమే. జవాబు మాటలో కాదు, మెయిల్‌లో తీసుకోవాలి. ఎందుకంటే మాట ఇచ్చిన మేనేజర్ రెండేళ్లలో ఇంకో కంపెనీకి వెళ్లిపోతాడు.

క్లయింట్ ఒప్పందం విషయానికొస్తే, ఎక్కువమంది ఫీజు దగ్గర బేరమాడి, హక్కుల పేజీని చూడకుండా సంతకం పెడతారు. తలకిందులుగా చేయాలి. ఈ ఒప్పంద కాలంలో కన్సల్టెంట్ కనిపెట్టేవన్నీ క్లయింట్‌వే అని ఉంటే, ఉద్యోగంలో చేసిన పని కూడా అందులోకి వచ్చి పడుతుంది. క్లయింట్ అప్పగించిన పనిలోంచి నేరుగా పుట్టినవి మాత్రమే అని కుదించాలి. యజమానికి ఇప్పటికే ఉన్న బాధ్యతలదే పైచేయి అన్న వాక్యం తప్పనిసరిగా చేర్చించాలి. చాలా విదేశీ విశ్వవిద్యాలయాలు ఇందుకోసం ఒక పేజీ అనుబంధాన్ని సిద్ధంగా ఉంచి, కన్సల్టెన్సీకి వెళ్లే ప్రతి అధ్యాపకుడూ దాన్ని క్లయింట్ ఒప్పందానికి జతచేయాలంటాయి. మన విశ్వవిద్యాలయాలు, కంపెనీలు కూడా అలాంటిదొకటి తయారుచేసి పెడితే సగం తగాదాలు పుట్టవు. సలహా తప్పయితే నష్టపరిహారం ఎంతవరకన్నది కూడా రాయించుకోవాలి, తీసుకున్న ఫీజును మించకూడదన్నది న్యాయమైన పరిమితి. సంస్థ తరఫున చేసే కన్సల్టెన్సీలో ఈ భారం సంస్థది, సొంతంగా చేస్తే సొంత ఆస్తిది.

పన్ను సంగతి పెద్ద చిక్కేమీ కాదు. కంపెనీ సాధారణంగా వృత్తి ఫీజు మీద 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తుంది. సాంకేతిక కన్సల్టెన్సీ చేసేవారు రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే సరళ పద్ధతి ఎంచుకోవచ్చు. సేవల రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు చూసుకోవాలి. ఈ టీడీఎస్ పాన్ నంబరు మీద నమోదవుతుంది కాబట్టి, రహస్యంగా చేసిన పని ఎప్పటికీ రహస్యంగా ఉంటుందనుకోవడం భ్రమ.

డబ్బు ముట్టి, పని అయిపోయాక కూడా ఈ బంధం తెగదు. వైద్య పరిశోధన పత్రికలు చాలావరకు వాడే వెల్లడి పత్రం గత 36 నెలల్లో ఎవరి నుంచి ఏం తీసుకున్నారో అడుగుతుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి ప్రధాన వైద్యాధికారి హోసే బసెల్గా 2018లో రాజీనామా చేసింది కంపెనీల నుంచి డబ్బు తీసుకున్నందుకు కాదు, తన వ్యాసాల్లో దాన్ని చెప్పనందుకు. పత్రికలకే కాదు, నిధుల కమిటీలకూ, కొనుగోలు కమిటీలకూ ఇదే వర్తించాలి. ఒక కంపెనీకి నిన్న సలహా ఇచ్చినవారు ఈరోజు దాని గ్రాంటు ప్రతిపాదనకు మార్కులు వేయకూడదు. మన సంస్థల్లో ఆ కుర్చీలోంచి లేవడం ఇంకా వ్యక్తి విచక్షణకే వదిలేస్తున్న చోట్లున్నాయి. సంస్థ మంజూరు చేసిన ప్రతి కన్సల్టెన్సీని, క్లయింట్ పేరుతో సహా, కమిటీలు వేసేవారికి కనిపించే ఒక రిజిస్టరులో ఎక్కించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. చిన్న పనులకు పది రోజుల్లో జవాబిచ్చే పద్ధతి, ఈ రిజిస్టరు, రెండూ కలిపి పెట్టాలి. వేగంగా అనుమతి ఇచ్చే సంస్థకే అన్నీ రాయమని అడిగే నైతిక హక్కు ఉంటుంది.